గోకుల్ పేరున్న పేజీ

గోకుల్ ఫోనులో అనువాదం యాప్ తెరిచి, నోటి దగ్గర పెట్టుకుని మూడోసారి ఆ వాక్యం చదివాడు. ఫోను మూడోసారీ అదే చెప్పింది: అర్థం కాలేదు, మళ్ళీ ప్రయత్నించండి.

"థూ, దీని మూతి మండ!" అని ఫోన్ని సోఫా మీదికి విసిరాడు. రెండో చేతిలో చెల్లెలి జడ ఉంది. దాన్ని మాత్రం వదల్లేదు.

జడను మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు. అభినయ మెడ ఒక పక్కకు వంగిపోయి, చెంప టీవీ బల్ల అంచుకు ఆనింది. ఆ బల్ల మీదే నోటు పుస్తకం తెరిచి ఉంది. పొద్దున ఆమె ఆస్పత్రి డ్యూటీ సంచిలోంచి వాడు లాగిన పుస్తకం.

అందులో ఉన్నది జర్మన్. రాసింది తమిళ అక్షరాల్లో. ఊరు తమిళ ఊరు. ఆ ఇంట్లో నాలుగు తరాలుగా మాట్లాడేది తెలుగే, కానీ తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. ఏ భాషనైనా తమిళ అక్షరాల్లో పెట్టుకోవడం వాళ్ళ అలవాటు. తల్లి వసంతమ్మ మంగళహారతులు అలాగే రాసుకుంది. కూతురు జర్మన్ కూడా అలాగే రాసుకుంది. "మీ చెవికి ఎట్లా వినబడితే అట్లా మీ అక్షరాల్లో రాయండి, స్పెల్లింగు తర్వాత చూద్దాం" అని జర్మన్ నేర్పే నిర్మల మిస్ చెప్పింది.

అదే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. గోకుల్ ప్రతి అక్షరమూ చదవగలడు. ఒక్క ముక్కా అర్థం కాదు. తన ఇంట్లో తనకు అర్థం కానిది ఒకటుందంటే వాడికి ఒళ్ళు మండిపోతోంది.

"చూస్తివా నాయినా? డ్యూటీకి పోతా ఉండానని చెప్పి, ఆరు నెలలుగా వైట్ టౌన్‌లో ఈ కూతలు నేర్చుకుంటా ఉండాది నీ కూతురు. నా ఫ్రెండు చూసినాడు గాబట్టి సరిపోయె. లేకుంటే ఒకదినం చెప్పకుండా విమానం ఎక్కిపోయుండును."

తండ్రి సుబ్బరాయలు అన్నం తింటున్నాడు. ఒకటిన్నరకు తేంగాయితిట్టు హార్బరు దారిలో ఉన్న వలల అంగడి తలుపు దగ్గరకు వేసి, దాని వెనకే ఉన్న ఇంట్లోకి వచ్చి, నేల మీద కూర్చుని తినడం ముప్పై ఏళ్ళుగా ఆయన పద్ధతి. ఇంట్లో ఏం కూలినా ఆ ముద్ద ఆగదు.

"తిన్నాక మాట్లాడుకుందాము. జడ ఇడువురా" అన్నాడు తల ఎత్తకుండా.

"ఇడవను. ఇది ఏం రాసిందో చెప్పినాకనే ఇడుస్తా."

గోడ గడియారంలో రెండు కావస్తోంది. మూడింటికి అభినయ వైట్ టౌన్‌లో, నిర్మల మిస్ క్లాసులో కంప్యూటరు ముందు కూర్చోవాలి. అవతల జర్మనీలో ఒక వృద్ధుల ఆశ్రమం వాళ్ళు ముగ్గురు కూర్చుంటారు. మీ ఉద్యోగమేమిటి, రోజూ ఏం చేస్తారు, మీ ఇంట్లో ఎవరేం పని చేస్తారు. అడిగేది ఇంతే, ఇరవై నిమిషాలు. అది దాటితే నర్సు ఉద్యోగం చేతిలో పడ్డట్టే. ఈ రోజు కనబడకపోతే మళ్ళీ పిలవరు.

"అన్నా, మూడింటికి నేను పోవాల. ఇడిచిపెట్టు. వచ్చినాక నీకు ఎంత కావాలో అంత కొట్టు."

"యాడికి పొయ్యేది? ముసిలి తెల్లోళ్ళకి ముడ్డి కడిగేదానికా?"

"ఈడ కడగతానే ఉండాను గదా. వాళ్ళకేమైనా వేరేగా ఉంటాదా?"

జడ గుంజాడు. బల్ల అంచు చెంప ఎముకకు టక్కున తగిలింది. వంటింటి గుమ్మంలో సాంబారు గిన్నె పట్టుకుని నిలబడ్డ వసంతమ్మ, "ఒరే, ముఖం మీద కొట్టొద్దురా!" అంది.

ముఖం మీద కొట్టొద్దంది. కొట్టొద్దు అనలేదు.

"చదువు" అన్నాడు గోకుల్. "మొదటినించీ. ఒక్కో మాటకి అర్థం చెప్పు. ఏమేం చాడీలు రాసినావో నాయిన కూడా విననీ."

అభినయ బల్ల మీద చెంప ఆనించే చదివింది. "మైన్ ఫాటర్ ఫెర్‌కౌఫ్ట్ నెట్సె."

"అంటే?"

"మా నాయిన వలలు అమ్ముతాడు."

"తర్వాత?"

"పొద్దున ఐదింటికి అంగడి తెరుస్తాడు. వలని వేళ్ళతో ముట్టుకుని, ఇది ఎన్ని దినాలు తట్టుకుంటాదో చెప్పేస్తాడు. హార్బర్‌లో అందరికీ ఆయనంటే మర్యాద."

సుబ్బరాయలు చెయ్యి కంచంలో ఆగింది. "అదంతా రాసినావా?"

"రాసినాను నాయినా."

"తెల్లోళ్ళకి వల అంటే తెలుస్తాదా?"

"వాళ్ళకీ సముద్రం ఉండాది నాయినా."

"ఏ రకం వల వాడతారో?"

"నాయినా!" అని అరిచాడు గోకుల్. "నువ్వు మూసుకోని తిను. ఏయ్, తర్వాతది చదువు."

"మైనె ముటర్..." అభినయ ఊపిరి తీసుకుంది. "మా అమ్మకి ఉద్యోగం లేదు. నాలుగింటికి లేస్తాది. పదకొండింటికి పండుకుంటాది. ఆదివారం కూడా సెలవు లేదు."

వసంతమ్మకు నవ్వొచ్చి, ఈ సమయంలో నవ్వేమిటని మింగేసింది. "దీన్ని గూడా రాస్తారా? ఇదీ ఒక పనేనా?"

"ఇంట్లో చేసేదీ పనే, రాయండి అని మిస్ చెప్పిందమ్మా."

"నీ మిస్ మొగుణ్ణి వదిలేసి వచ్చిందంట గదా. అట్లాగే చెప్తాది" అని గోకుల్ పేజీ తిప్పాడు.

తిప్పి, ఆగాడు. ఆ పేజీలో మూడే మూడు తమిళ అక్షరాలు వాడికి అర్థమయ్యాయి. తన పేరు. పై వరుసలో ఒకసారి. మధ్యలో రెండుసార్లు. కిందా ఉంది.

"పేజీ నిండా నేనే ఉండాను గదా!" అన్నాడు. వాడి గొంతులో కొంచెం మురిపెం కూడా వచ్చింది. "సోషల్ వర్కర్ అని రాసినావా? దానికి జర్మన్‌లో ఏమంటారు?"

నీ పని ఏమిటని ఎవరైనా అడిగితే గోకుల్ చెప్పేది అదే, సోషల్ వర్కు. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు, వార్డు నాయకుడి బండి వెనక సీటు. ఇరవై తొమ్మిదేళ్ళకు అదీ వాడి ఉద్యోగం. తండ్రి అంగడిలో ఒక్క వల కట్ట కూడా భుజానికెత్తి ఎరగడు.

అభినయ ఆ పేజీని చూసింది. నిర్మల మిస్ వాళ్ళకు నలభై ఉద్యోగాల పేర్లు కంఠతా పట్టించింది. రొట్టెలు కాల్చేవాడు, కరెంటు పనివాడు, పళ్ళ డాక్టరు, మంటలార్పేవాడు. ఏది చెప్పినా వీడు నమ్ముతాడు. మా అన్న సోషల్ వర్కరు, ఊరికి ఉపకారి అంటే జడ వదిలేస్తాడు. నవ్వుతాడు కూడా. మూడింటికి వైట్ టౌన్‌లో ఉండొచ్చు.

గుమ్మంలో వసంతమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమెకు జర్మన్ రాదు. కొడుకు గురించి కూతురు పేజీ నిండా ఏం రాసి ఉంటుందో తెలియడానికి జర్మన్ రానక్కర్లేదు.

ఆ పేజీ అభినయ ఆస్పత్రి వార్డులో రాసింది. అందులోని మాటలు తెలుగులో ఏనాడూ అనలేదు. తమిళంలో అనలేదు. ఆ రెండూ తెలిసినవాళ్ళు గోడకు అవతలా ఉన్నారు, ఇవతలా ఉన్నారు. జర్మన్ తెలిసిన మేనత్త లేదు, పిన్నమ్మ లేదు. ఇంట్లో ఒక్కొక్కరి పని గురించి నాలుగు వాక్యాలు రాయండి, నిజం రాయండి అని మిస్ చెప్పింది. రాసింది.

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎందుకు మింగేసిందో ఆమెకే తెలియదు. నోట్లో రక్తం ఉంది. మెడ విరిగిపోయేట్టుంది. విసుగెత్తింది. అంతే.

"మైన్ బ్రూడర్ హాట్ కైనె ఆర్బైట్."

"అర్థం?"

"మా అన్నకి పని లేదు."

బయట చేపల వ్యాను ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"తర్వాత?" అన్నాడు గోకుల్. మురిపెం పోయింది.

"ఇంట్లో కొడతాడు. చిన్నప్పటినించి నన్ను. నాలుగేళ్ళుగా అమ్మని."

"నిలుపు."

"నువ్వే గదా చదవమన్నావు. పోయినేడు ఆడి మాసంలో అమ్మ కుడి చెయ్యి మెలేసి విరిచినాడు. బాత్‌రూమ్‌లో జారి పడిందని నాయినకి చెప్పినాము. ఆస్పత్రిలో కూడా నేనే అట్లా రాయించినాను. నేను నర్సుని. పడితే ఎముక ఎట్లా విరుగుతాదో, మెలేస్తే ఎట్లా విరుగుతాదో నాకు తెలుసు."

గోకుల్ ఆమె తలను బల్లకేసి కొట్టాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. రెండోసారికి బల్ల మీది టీవీ ఊగింది. కనుబొమ్మ చిట్లి రక్తం పుస్తకం మీద పడింది.

"అబద్ధం! నాయినా, అన్నీ అబద్ధాలు రాసింది, ముండ!"

సుబ్బరాయలు కంచం ముందునుంచి లేచాడు. కొడుకు వైపు చూడలేదు. ఎంగిలి చేత్తోనే భార్య దగ్గరికి వెళ్ళి, ఆమె చేతిలోని సాంబారు గిన్నె తీసి కింద పెట్టి, కుడి చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. మణికట్టు దగ్గర ఎముక పక్కకు పొడుచుకొచ్చి ఉంది.

"వసంతా, బాత్‌రూమ్‌లో పడినానంటివే?"

"పడినానయ్యా. తడిగా ఉండె. కాలు జారె."

"ఏ కాలు?"

వసంతమ్మ తన రెండు పాదాల వైపూ చూసుకుంది.

"ఏడాదిగా ఎడమ చేత్తో వడ్డిస్తా ఉండావు. అదే అలవాటు చేసుకున్నావనుకుంటిని" అన్నాడు సుబ్బరాయలు. ఆ మాట ఎవరికీ కాదు, తనకే చెప్పుకున్నాడు.

"అవును, విరిచినా!" అన్నాడు గోకుల్. దాచిపెట్టే ఓపిక ఆ మనిషికి ఎప్పుడూ లేదు. "ఎదురు మాట్లాడింది, విరిచినా. ఏం చేస్తావు ఇప్పుడు? ఏం చేస్తావయ్యా, వలల సుబ్బరాయలూ?"

మణికట్టు మీది జడ విడిపించుకుని, కంచాన్ని కాలితో తన్నాడు. అన్నం గోడకు కొట్టుకుంది. దగ్గరికి వచ్చిన తండ్రిని రెండు చేతులతో రొమ్ము మీద నెట్టాడు. అరవై రెండేళ్ళ మనిషి అంగడి గుమ్మం దాటి అవతల నైలాన్ తాళ్ళ చుట్టల మీద వెల్లకిలా పడ్డాడు.

అభినయ అప్పుడే తల ఎత్తి పుస్తకం అందుకుంది. సంచీ భుజానికి తగిలించుకుంది. రెండడుగులు వేసిందో లేదో గోకుల్ చెయ్యి పట్టేశాడు. ఈసారి జడ కాదు, కుడి చెయ్యి.

"ఈ చెయ్యే గదా రాసింది? ఈ చేత్తోనే గదా ఆడ కడిగేది?"

ఇంటికీ అంగడికీ మధ్యనున్న తలుపు దగ్గరికి ఈడ్చాడు. పాత కాలపు టేకు తలుపు, మూయాలంటే భుజం ఆనించాలి. బందుల పక్కనున్న సందులో ఆమె నాలుగు వేళ్ళూ దూర్చి, మణికట్టు మీద మోకాలు అదిమి, తలుపు అంచు పట్టుకున్నాడు.

"నర్సమ్మా, ఎముక ఎట్లా విరుగుతాదో ఇప్పుడు చెప్పు. జర్మన్‌లోనే చెప్పు."

"అన్నా, వొద్దు. అన్నా, చెయ్యి పోతే నాకు ఏ పనీ ఉండదు అన్నా!"

"నాకు లేదు గదా. నీకెందుకు?"

వసంతమ్మ వాడి వీపు మీద పడి రెండు భుజాలూ గుంజింది. మోచేత్తో కొట్టాడు. ఆమె పొట్ట పట్టుకుని కూలిపోయింది. తలుపు కదిలింది. చెక్క వేళ్ళ మీద బిగియడం మొదలైంది. అభినయ అరిచిన అరుపుకు వీధిలో కుక్క మొరిగింది.

ఆమెకు ముందు కనబడింది తండ్రి పాదాలు. తర్వాత ఆయన చేతిలోని కొయ్య. అంగడి వాకిలికి అడ్డం వేసే బారెడు కొయ్య.

మొదటి దెబ్బ గోకుల్ భుజం మీద పడింది. వాడు తలుపు వదిలి, నమ్మలేనట్టు వెనక్కి తిరగబోయాడు. రెండోది తల వెనక పడింది. టెంకాయ పగిలిన చప్పుడు. తెల్ల చొక్కా మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, ఏదో చెప్పబోయి, బోర్లా పడిపోయాడు.

"మూడోది కూడా వేయనా?" అన్నాడు సుబ్బరాయలు. ఎవరిని అడిగాడో తెలియదు. కొయ్య ఇంకా ఎత్తే ఉంది.

అభినయ సందులోంచి చెయ్యి లాక్కుంది. వేళ్ళు ముడిచి తెరిచింది. చర్మం లేచిపోయింది గాని నాలుగూ కదులుతున్నాయి. రెండు ఇరవై. అంగడి తలుపు తోసి బయట పడితే మూలమీద ఆటోలు ఉంటాయి. పదిహేను నిమిషాల్లో వైట్ టౌన్. ముఖం ఆటోలో తుడుచుకోవచ్చు.

"నువ్వు పో" అన్నాడు తండ్రి. "నేను కొట్టినాను, నేను చూసుకుంటా. నువ్వు పో."

అన్నను దాటింది. తాళ్ళ చుట్టలు దాటింది. అంగడి తలుపు మీద చెయ్యి వేసింది.

అప్పుడు వినబడింది. గురకలాంటి ఊపిరి. నిద్ర గురక కాదు. వార్డులో ఆ శబ్దం వినబడితే నర్సులు చేతిలో ఉన్నది కింద పడేసి పరిగెడతారు. ఆ మంచం మీద ఉన్నది దేవుడా దొంగా అని చూడరు. నాలుగేళ్ళుగా ఆమె ఒంటికి పట్టిన పని అది. కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగాయి.

"ఛీ!" అంది అభినయ. తనను తానే తిట్టుకుంది.

మోకాళ్ళ మీద కూలబడి, వాణ్ణి పక్కకు ఒత్తిగిల్లజేసి, నోట్లో వేలు పెట్టి నాలుక సర్ది, తల వెనక వేళ్ళతో తడిమింది. ఎముక లోపలికి పోలేదు. రక్తం మాత్రం ధారగా ఉంది. తండ్రి భుజం మీది తువ్వాలు లాగి మడత పెట్టి రెండు చేతులతో అదిమి పట్టింది.

"అమ్మా, సంచిలో నా ఫోను ఉండాది. నూట ఎనిమిది కొట్టు. స్పీకర్ పెట్టి ఈడ పెట్టు."

వసంతమ్మ ఎడమ చేత్తో నంబరు నొక్కి, ఫోను నేల మీద, కొడుకు తల పక్కన పెట్టింది. అవతలి నుంచి ఒక ఆడగొంతు తమిళంలో అడగడం మొదలుపెట్టింది. అడ్రసు? వయసు? స్పృహ ఉందా? ఊపిరి ఉందా? అభినయ వార్డులో డాక్టరుకు చెప్పినట్టు వరసగా చెప్పింది.

"మీరెవరు?"

"నర్సుని."

"అది కాదమ్మా. ఆయనకి ఏమవుతారు?"

అభినయ తువ్వాలు ఇంకా గట్టిగా అదిమింది. "చెల్లెల్ని."

"దెబ్బ ఎట్లా తగిలింది?"

"కొయ్యతో. తల వెనక ఒక దెబ్బ. భుజం మీద ఒకటి."

"ఎవరు కొట్టినారు?"

"నేనని చెప్పు" అని సుబ్బరాయలు గొణిగాడు. ఆ మాట ఫోనుదాకా పోలేదు.

"ఉండయ్యా" అని వసంతమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. గుసగుసగా, గబగబా మాట్లాడింది. "నిన్ను తీసుకుపోతే అంగడి ఎవరు తెరిచేది? వీడు బతుకుతాడో లేదో తెలీదు. బతికినా వాడు తెరుస్తాడా? నాకు ఇంకెవరుండారు చెప్పు. నేనేం పని చేసి బతికేది? నాకేం వచ్చు?"

"వసంతా..."

"అది ఎట్లాగైనా పొయ్యేదే" అంది, కూతురి వైపు చూడకుండా.

వంగి ఫోనుకు నోరు దగ్గర పెట్టింది. "మా కూతురు కొట్టింది" అంది తమిళంలో, పొరుగింటికి కూడా వినబడేటంత స్పష్టంగా.

"అమ్మా!"

అభినయ ఎడమ చెయ్యి ఎత్తి ఫోను మీదికి చాచింది. తువ్వాలు కింద రక్తం బుస్సున ఉబికి నేల మీదికి పారింది. గురక తెగింది. చెయ్యి మళ్ళీ తువ్వాలు మీదికి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళమనలేదు. అదే వెళ్ళింది.

"కొట్టినామె పేరు చెప్పండమ్మా. స్టేషన్‌కి తెలియజేయాల" అంది ఫోనులో గొంతు.

స్టేషన్‌లో ఒక్క కాగితం మీద పేరెక్కితే ఏ దేశమూ వీసా ఇవ్వదు. ఆ ముక్క ఇంట్లో అందరికీ తెలుసు. మూడింటికి అడిగే ప్రశ్నలకు ఎన్ని మంచి జవాబులు చెప్పినా లాభం ఉండదు.

"నాయినా" అంది అభినయ. "నువ్వు చెప్పు."

సుబ్బరాయలు నోరు తెరిచాడు. భార్య ముఖం చూశాడు. అంగడిలో వేలాడుతున్న వలల వైపు చూశాడు. నోరు మూశాడు. తర్వాత మెల్లగా, చప్పుడు కాకుండా, కొయ్యను నేల మీద పెట్టాడు. కూతురి మోకాలి పక్కన.

"పేరమ్మా?" అని మళ్ళీ అడిగింది ఫోను.

"ఎస్. అభినయ" అంది వసంతమ్మ, తండ్రి పేరులోని మొదటి అక్షరంతో సహా.

అభినయ అరచేతుల మధ్య గోకుల్ తల కదిలింది. వాడు కళ్ళు తెరిచాడు. ముందు తండ్రి ఖాళీ చేతులను, చెల్లెలి మోకాలి పక్కనున్న కొయ్యను చూశాడు. తర్వాత ఫోను వైపు తిరిగి, కొట్టిందెవరో చెప్పడానికి పెదవులు విప్పాడు.